ఆరుచుక్క పెట్టె నిండిపోయింది

నేను పురుగుల ఉద్యోగం చేశానని చెబితే ఎదుటివాళ్ళు మొదట అడిగేది బొద్దింకల గురించి, ఆ తర్వాత చెదల గురించి. అశోక్‌నగర్‌లో మా ఇంటి ఓనరుగారైతే నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "మీరుండగా మా ఇంట్లో నల్లులేంటండీ?" అని నిష్ఠూరమాడుతూనే ఉన్నారు. పురుగుల్ని చంపడం నా పని కాదనీ, అవి ఎక్కడున్నాయో, బాగున్నాయో లేదో చూసి చెప్పడమే నా పననీ ఎన్నిసార్లు చెప్పానో. "దానికి కూడా జీతమిస్తారా?" అనేవారాయన. ఇస్తారు. నాకు జుట్టు నెరిసేదాకా ఇచ్చారు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి, ఏ కెమెరా కొనాలి అని అడుగుతారు. అవి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగేది ఒక పెట్టె గురించి, ఒక అమ్మాయి గురించి, ఇద్దరు ఆఫీసర్ల గురించి. ఇదంతా తొంభైల్లో నారాయణగూడలో జరిగింది. నా ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో రాయడం లేదు. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి.

ముహూర్తాల కింద మైక్రోస్కోపు

మాది కీటకాలు సేకరించి భద్రపరిచే విభాగం. హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉండేది. ఇక్కడ మేము నారాయణగూడ వెనక గల్లీలో ఒక పాత మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళం. కింద పెళ్ళి శుభలేఖలు అచ్చేసే ప్రెస్సు. అక్కడ మెషీను తిరుగుతున్నంతసేపూ పైన మా బల్లలు వణికేవి. మైక్రోస్కోపు కింద పెట్టిన పురుగు కాలు రెండు కాళ్ళుగా కనిపించేది. అందుకని మైక్రోస్కోపు పనంతా ప్రెస్సువాళ్ళ భోజనాల వేళకి పెట్టుకునేవాళ్ళం. మాఘమాసం, శ్రావణమాసం వస్తే ఆ పని మూలపడేది. మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, మాకు పండగ. మూఢం ఎప్పుడొస్తుందా అని పంచాంగం చూసుకునే ప్రభుత్వ కార్యాలయం దేశం మొత్తం మీద మాదొక్కటే అయ్యుంటుంది.

గోడల పొడవునా చెక్క బీరువాలు. వాటిలో అద్దం మూతల పెట్టెలు. పెట్టె అడుగున బెండు పరిచి, దానిమీద పిన్నులతో పురుగుల్ని వరసగా గుచ్చేవాళ్ళం. పెంకు పురుగైతే కుడివైపు రెక్క డొప్పలోంచి గుచ్చాలి, మధ్యలో గుచ్చకూడదు. పిన్నుకి కిందుగా గోరంత లేబుల్: ఏ ఊరు, ఏ రోజు, ఎవరు పట్టారు. మిగతా చోట్ల పురుగులు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేస్తారు, మేము పురుగులకే పురుగులు పట్టకుండా వేసేవాళ్ళం. ఆ వాసన చీరలకి పట్టి వదిలేది కాదు. ఒకసారి బస్సులో పక్కావిడ "పెళ్ళికా అండీ? చీర ఇప్పుడే బీరువాలోంచి తీసినట్టున్నారు" అంది. అవునన్నాను.

ఈ పనిలో అందరూ అనుకునే గొప్పతనం కొత్త పురుగు కనిపెట్టడంలో ఉంటుంది. నా సర్వీసులో నేను కొత్త పురుగేదీ కనిపెట్టలేదు. దానికి నాకేమీ చింత లేదు. ఒక పాత పురుగు గురించి తప్పు రాతని ఆపగలిగాను. అందులో కూడా నా వంతు సగమే.

పెద్దసార్ ఆర్డరు

నేను చేరినప్పుడు మా విభాగాధిపతి నరసింహంగారు. మేమంతా పెద్దసార్ అనేవాళ్ళం. చేతిరాత ముత్యాల్లా ఉండేది, మాట మాత్రం గులకరాళ్ళే. లేబుల్ మీద ఊరి పేరు తప్పు రాస్తే ఆ పురుగునీ మనిషినీ కలిపి బయటికి పంపేవారు.

ఆయన హయాంలో మేమందరం ఎక్కువగా పట్టిన పురుగు ఒకటుంది. బొటనవేలంత పొడవు, బొగ్గులాంటి నలుపు, వీపు మీద ఆరు తెల్లటి చుక్కలు. ఊళ్ళలో ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు. మా ఆఫీసులో దాన్ని ఆరుచుక్క అనేవాళ్ళం. మెట్టనేలల్లో, ఎర్రమట్టి దిబ్బల్లో, బండల సందుల్లో ఉంటుంది. తొలకరి పడగానే బయటికొచ్చి చిన్నచిన్న పురుగుల్ని వేటాడుతుంది. ఇక్కడా అక్కడా అని లేదు, దేశంలో వాన తక్కువగా పడే నేల ఎంతుందో దాదాపు అంతా దాని ఇల్లే. దానికి ఎగరడం రాదు. వీపు మీద డొప్పలు అతుక్కుని ఉంటాయి. పరుగు మాత్రం బాగా పరిగెడుతుంది.

కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి ఫీల్డుకి వెళ్తే సాయంత్రానికి సీసాలో తెచ్చేది ఆరుచుక్కనే. పెద్దది, నల్లది, ఎగరలేదు. పట్టడానికి వల కూడా అక్కర్లేదు. అలా తెచ్చీ తెచ్చీ పెట్టె నిండిపోయింది. పెద్దసార్ ఒకరోజు బీరువా తలుపు మీద కాగితం అంటించారు: ఆరుచుక్క ఇక తేవొద్దు, పెట్టెలో చోటు లేదు.

అది తెలివితక్కువ ఆర్డరేం కాదు. మంచి చెక్క పెట్టె ఒకటి తెప్పించాలంటే హెడ్డాఫీసుకి రాసీ రాసీ చేతులు పడిపోయేవి. ఉన్న చోటు అరుదైన వాటికి ఉంచాలని ఆయన ఉద్దేశం. మేమందరం పాటించాం. ఆ తర్వాత ఫీల్డులో ఆరుచుక్క ఎదురొస్తే పక్కింటివాళ్ళు ఎదురైనట్టే, చూసి దాటిపోయేవాళ్ళం. పెద్దసార్ రిటైరయ్యారు. ఎప్పుడో సున్నాలు వేయించినప్పుడు బీరువాలు జరిపారు, ఆ కాగితం చిరిగిపోయింది. అలవాటు మాత్రం ఉండిపోయింది.

శ్రీలత

పెద్దసార్ తర్వాత వచ్చినాయన విశ్వనాథంగారు. మృదుభాషి. ఎవర్నీ ఏకవచనంలో పిలిచేవారు కాదు. ఆయన వచ్చిన కొన్నేళ్ళకి ఒక ప్రాజెక్టు వచ్చింది. మెట్టనేలల్లో ఉండే నేలపురుగుల్లో ఏవి తగ్గిపోతున్నాయో, వేటికి రక్షణ కావాలో తేల్చాలి. ఆ పనికి తాత్కాలికంగా తీసుకున్న అమ్మాయి శ్రీలత.

శ్రీలతది అంబర్‌పేట. విద్యానగర్ పక్కనున్న యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసింది. వాళ్ళ నాన్న దర్జీ. కళ్ళకి శుక్లాలొచ్చి సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చాడు. ఇల్లు ఈమె జీతం మీద నడిచేది. ఆ సంగతి మొదటి వారంలోనే అందరికీ చెప్పేసింది, దాచుకునే రకం కాదు. గల్లీ చివర బస్సు దిగితే ఆమె చెప్పుల చప్పుడు మా మేడమీదికి వినిపించేది. అంత వేగం నడక.

ఆ ఏడాదంతా నన్ను అనంతపురంలో కాగితాల పనికి పంపారు, ఫీల్డు మొహం చూడలేదు. నేను తిరిగొచ్చేసరికి శ్రీలత రిపోర్టు చిత్తుప్రతి నా బల్లమీద ఉంది. ఫీల్డుకి పంపే డబ్బు ప్రాజెక్టులో లేదు కనుక పాపం ఆమె బీరువాలన్నీ తెరిచి, ప్రతి పురుగు లేబులూ చదివి, ఏ కాలంలో ఏవి ఎన్ని దొరికాయో గీతలు గీసింది. చాలా ఓపిగ్గా చేసిన పని. అందులో అన్నిటికన్నా పెద్ద సంగతి ఆరుచుక్క. ఒకప్పుడు కుప్పలుగా దొరికేది, ఫలానా ఏటి నుంచి ఒక్కటి కూడా దొరకలేదు. ఇంత విస్తారంగా ఉన్న పురుగు ఎవరి కంటా పడకుండా అంతరించిపోతోంది, వెంటనే రక్షించాలి అని తేల్చింది.

చదివి మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత శ్రీలత ముఖం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అప్పటికే విశ్వనాథంగారు హెడ్డాఫీసుకి కబురు పంపేశారు. వాళ్ళు సంబరపడ్డారు. ప్రాజెక్టు పొడిగిస్తామన్నారు. పొడిగిస్తే శ్రీలత ఉద్యోగం నిలబడుతుంది. సీనియర్ని కనుక నేను చదివి సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది.

నేను విశ్వనాథంగారి గదిలోకి వెళ్ళి పెద్దసార్ ఆర్డరు సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అలాగా," అన్నారు. "ఆ కాగితం ఇప్పుడుందాండీ?"

"లేదండీ. సున్నాలేసినప్పుడు పోయింది."

"మరింకేం. మీకు తెలిసింది మీ దగ్గరే ఉంచుకోండి. పురుగు పోయిందనడానికి సాక్ష్యం లేదంటున్నారు, ఉందనడానికి మాత్రం ఎక్కడుందండీ?"

"అందుకే 'సమాచారం చాలదు' అన్న గడిలో వేద్దాం సార్."

పురుగుల స్థితిని రాయడానికి మాకు కొన్ని గళ్ళుంటాయి. ప్రమాదంలో ఉంది, ప్రమాదం లేదు, ఇలా. వాటిలో సమాచారం చాలదు అనేది అన్నిటికన్నా నిజాయితీ గలది. ఎవరికీ అక్కర్లేనిది కూడా అదే.

"చాలదంటే, ఇన్నేళ్ళూ కూర్చుని ఏం చేశారని అడుగుతారు," అన్నారు విశ్వనాథంగారు. "చూడండి వసుంధరగారూ, జబ్బుపడిన పురుగుకి డబ్బొస్తుంది. బాగున్న పురుగుకి ఎవరిస్తారు? ఆ అమ్మాయి ఇంటి పరిస్థితి మీకు తెలుసు. మీ సంతకం ఆ అమ్మాయి కోసం అనుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి మంచిని నా మెడకి తగిలిస్తున్నాడు మహానుభావుడు. అయితే ఆయన్ని దుర్మార్గుడని రాయలేను. హెడ్డాఫీసు అప్పుడు మా మేడని ఖాళీ చేయించి విభాగాన్నే ఎత్తేయాలని చూస్తోంది. బీరువాలు ఎక్కడికి పోతాయో తెలియదు. ఆయనకి నిద్ర పట్టేది కాదని తర్వాత తెలిసింది. మీకూ ఇలాంటి ఆఫీసర్లు తగులుతారు. అబద్ధం చెప్పమనేవాళ్ళు ఎప్పుడూ కఠినంగా ఉండరు. చాలా సార్లు మర్యాదగా, మన మేలుకోరుతూ అడుగుతారు. అప్పుడే కాదనడం కష్టం.

చాయ్ దగ్గర

మర్నాడు శ్రీలతని నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాను. ఆమె రిపోర్టు గురించి మెచ్చుకుంటాననుకుని హుషారుగా వచ్చింది. నేను జరిగింది చెప్పాను. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఆమె కప్పు ముట్టుకోలేదు.

"పెట్టె నిండిందని తేలేదా మేడం? గదొక్కటేనా?"

"అదొక్కటే."

"అంటే నేను ఏడాది పొడుగూత పురుగుల లెక్క తీయలే. మీ పెట్టెల లెక్క తీసిన."

అంతకన్నా బాగా ఆ తప్పుని చెప్పినవాళ్ళని నేను తర్వాత కూడా చూడలేదు. నిజానికి ఆ తప్పు మా వృత్తివాళ్ళే చేయగలరు. కూరగాయల వ్యాపారి తన బుట్టలో వంకాయలు లేకపోతే ఊళ్ళో వంకాయలే లేవనుకోడు.

"నాకు ముందుగాల ఎవ్వరు చెప్పకపాయె," అంది. గొంతులో కోపం. "మీరు లేరు, సరే. తక్కినోళ్ళున్నరు గద. రోజు నా పక్కన్నే కూసుంటరు."

"వాళ్ళకి చెప్పాలని తోచలేదు శ్రీలతా. ఆరుచుక్క గురించి ఎవరు మాట్లాడతారు? అంత మామూలు పురుగు."

శ్రీలత గొంతు తగ్గించింది. "గిది పోతే నా నౌకరి పోతది మేడం. నాయినకు ఆపరేషన్ చేపియ్యాలె. ఇంట్ల ఏమని చెప్పాలె?"

నేను చెప్పగలిగింది ఒక్కటే. "నువ్వు రాసింది తప్పని నేను అనడం లేదు. ఎందుకు నమ్మకూడదో చెబుతున్నాను. నేను కూడా ఈ చుట్టుపక్కల దాని కోసం చూసి చాలా కాలమైంది. నిజంగానే పోయిందేమో. తొలకరి పడగానే వెళ్ళి చూద్దాం. కనిపించకపోతే మారుమాట్లాడకుండా సంతకం పెడతాను."

"కనవడితే?"

"కనిపిస్తే పెట్టను."

చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి లేచింది.

తొలకరి

ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఆఫీసులో శ్రీలత నాతో పని వరకే మాట్లాడేది. విశ్వనాథంగారు రెండుమూడుసార్లు "చదవడం పూర్తయిందాండీ" అని అడిగారు. ప్రెస్సు అదురుతోంది, మైక్రోస్కోపు చూడలేకపోతున్నాను అన్నాను. రిపోర్టు చదవడానికి మైక్రోస్కోపు ఎందుకని ఆయన అడగలేదు.

ఒక శనివారం రాత్రి కుండపోతగా కురిసింది. అశోక్‌నగర్‌లో నాలా పొంగి మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. ఆదివారం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ నీళ్ళు దాటి, చిక్కడపల్లి మీదుగా విద్యానగర్ వెళ్ళాను. రైలు పట్టాల అవతల అప్పటికింకా ఇళ్ళు రాని బండల ప్రాంతం ఉండేది. సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, ఎర్రమట్టి. శ్రీలత నాకన్నా ముందే వచ్చి ఒక బండ మీద కూర్చుని ఉంది.

ఉద్యోగంలో ఎన్నో పురుగుల కోసం వెతికాను. కనపడకపోతే బావుండునని కోరుకుంటూ వెతికింది ఆ ఒక్క రోజే. శ్రీలత కూడా అదే కోరుకుంటోందని ఆమె నడకలో తెలుస్తోంది. అయినా ఒక్క రాయినీ వదల్లేదు. ప్రతి రాయినీ ఎత్తి చూసి, మళ్ళీ ఎలా ఉన్నది అలాగే పెట్టింది. మొక్కుబడిగా వెతికి ఇంటికి పోదామన్న ఆలోచన ఆమెకి వచ్చినట్టే లేదు.

ఎండ పైకొస్తుండగా ఒక తంగేడు పొద కింద నాకు కనిపించింది. నల్లగా నిగనిగలాడుతూ, చుక్కలు సున్నంతో పెట్టినట్టు తెల్లగా. శ్రీలత అటు తిరిగి ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. పిలవలేకపోయాను. ఆమె వాళ్ళ నాన్న కళ్ళు గుర్తొచ్చాయి. ఆ పురుగు నా చెప్పు పక్కనుంచి పరిగెత్తి సరిగ్గా ఆమె వైపుకే పోయింది.

"మేడం! అగో!"

శ్రీలత చటుక్కున వంగి ఒట్టి చేత్తో పట్టేసింది. ఏడాదిపాటు చచ్చిన ఆరుచుక్కల్నే చూసింది, బతికున్నదాని సంగతి ఆమెకి తెలియదు. దాన్ని పట్టుకుంటే వెనకనుంచి పుల్లటి ఘాటైన నీళ్ళు చిమ్ముతుంది. వేళ్ళమీద కొట్టింది.

"అమ్మో! మండుతున్నది! మేడం, మస్తు మండుతున్నది!"

అని అరుస్తూనే వదల్లేదు. ఎగురుతూ, చెయ్యి మారుస్తూ, దాన్ని సీసాలో వేసి మూత పెట్టింది. నేను బాటిల్లో నీళ్ళు చేతిమీద పోశాను. నవ్వుతోంది. నవ్వుతూనే భుజంతో కళ్ళు తుడుచుకుంది.

సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. "ఏం రోగం లేదు మేడం దీనికి. మంచిగున్నది. మనకంటె మంచిగున్నది."

ఇంకాస్త ముందుకి పోతే బండల పక్కన ఇంకా కనిపించాయి. ఒక దాని కోసం వంగితే ఇంకొకటి. దాన్ని అంతరించిపోతున్న పురుగు అంటే అది కూడా ఒప్పుకునేలా లేదు.

విశ్వనాథంగారి కళ్ళజోడు

సోమవారం పొద్దున్న శ్రీలత సీసా తీసుకెళ్ళి నేరుగా విశ్వనాథంగారి బల్లమీద పెట్టింది. నేను వెనకే వెళ్ళాను. ఏం చేయబోతోందో నాకూ చెప్పలేదు. ఆయన సీసా దగ్గరికి లాక్కున్నారు. చాలా ఏళ్ళుగా కుర్చీలోనే ఉన్న మనిషి, బతికున్న ఆరుచుక్కని చూసి ఎంత కాలమైందో. మూత తీసి, ముఖం దగ్గరగా పెట్టి, పెన్ను మొనతో కదిపారు.

అది చిమ్మింది. కళ్ళజోడు లేకపోతే ఆసుపత్రి పనే. అద్దాల మీద చుక్కలు జారుతుంటే ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. శ్రీలత గబుక్కున మూత పెట్టేసింది. కింద ప్రెస్సు కూడా అప్పుడే ఆగింది.

"ఇది అంతరించేలా లేదమ్మా," అన్నారు ఆయన కండువాతో అద్దాలు తుడుచుకుంటూ. "నన్ను అంతరింపజేసేలా ఉంది."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు అయిపోయాక ఆయన ముఖం మళ్ళీ ఆఫీసరు ముఖం అయింది. "ఒక్క చోట కనిపించినంత మాత్రాన రిపోర్టు మార్చక్కర్లేదు. మీరే ఆలోచించుకోండి శ్రీలతగారూ. మారిస్తే పొడిగింపు ఉండదు. నేను చేయగలిగింది కూడా ఏమీ ఉండదు."

"ఎరుకే సార్."

"ఇంట్లో పరిస్థితి..."

"అది గూడ ఎరుకే సార్. కండ్లార చూసొచ్చినంక లేదని ఎట్ల రాస్తం?"

శ్రీలత రిపోర్టు తనే తిరగరాసింది. ఆరుచుక్కకి ప్రమాదం లేదు, మెట్టనేలల్లో విస్తారంగా ఉంది, పాత సేకరణలో కనిపించే ఖాళీ మన పద్ధతి వల్ల వచ్చింది. నేను సంతకం పెట్టాను. విశ్వనాథంగారు కూడా పెట్టారు. ఆ మర్యాద ఆయనకి దక్కాలి. ఒక్క అక్షరం మార్చకుండా హెడ్డాఫీసుకి పంపారు. కొన్నాళ్ళకి ప్రాజెక్టు ముగిసిందని ఉత్తరం వచ్చింది. విభాగం మాత్రం, ఎందుకో మరి, నిలబడింది. ఎత్తేయడానికి కూడా ఎవరో ఒకరు పనిచేయాలి కదా.

చివరి రోజు శ్రీలత నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, ఒక్క పని చెయ్యుండ్రి. పెట్టె నిండినా సరే, ఏటా ఒక్క ఆరుచుక్కనన్న పెట్టుండ్రి. రేపు నా అసొంటి పిల్ల ఇంకోతి వస్తే పరేషాన్ గాకుండ."

ఆ సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్లో కూరలావిడ చెప్పిన ధరకి బేరమాడకుండా ఇచ్చేశాను. ఆవిడే అనుమానంగా చూసింది. నిజం నిలబెట్టామన్న సంతోషం నాకేమీ కలగలేదు. బాధగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. సంతకం పెట్టనన్నది నేను, ఉద్యోగం పోయింది ఆమెకి.

ఏటా ఒకటి

శ్రీలత కొంతకాలం తిప్పలు పడింది. ఆ తర్వాత నారాయణగూడలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే పని దొరికింది. ఎంట్రన్సు పిల్లలకి బొద్దింక కోయడం నేర్పేది. వాళ్ళ నాన్నకి ఆపరేషన్ అయింది, కాస్త ఆలస్యంగా. ఒక కంటికి చూపు బాగా వచ్చింది, రెండోదానికి అంతంత మాత్రం.

నేను ఆరుచుక్కకి రెండో పెట్టె తెప్పించాను. పాత పెట్టెలో ఒకే ఊరివి ఒకే రోజువి అయిన వాటిని కాలేజీలకి పంపేసి చోటు కూడా చేశాను. ఏటా తొలకరికి ఆఫీసు తరఫున పట్టి తేవచ్చు, కానీ ఆ అవసరం రాలేదు. వాన పడిన మొదటి ఆదివారం శ్రీలత తనే నాకు ఫోన్ చేసేది. పక్కింటి ఫోన్‌కి. "మేడం, పోదమా?" అదే బండలు, అదే తంగేడు పొదలు. ఇప్పుడు వట్టి చేత్తో పట్టేది కాదు. ఒకటే పట్టి, సోమవారం కాలేజీకి పోయే దారిలో మా మేడ ఎక్కి, పిన్ను తనే గుచ్చి, లేబుల్ రాసి పెట్టి వెళ్ళేది. ఆమెకి ఎవరూ ఒక్క పైసా ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఆ బండల దగ్గర ఏటికేడాది మార్పు కనిపించేది. ముందు సున్నం పూసిన హద్దురాళ్ళు వచ్చాయి. తర్వాత బండలు కొట్టేవాళ్ళు. తర్వాత బోరు బండి. ఒక ఏడు వెళ్ళేసరికి అడ్డంగా రోడ్డు పడింది. ఆ ఏడు ఆరుచుక్క దొరకడానికి మధ్యాహ్నమైంది. మరుసటి ఏడు సాయంత్రమైంది. శ్రీలతది అదే పని. రాయి ఎత్తడం, చూడడం, మళ్ళీ అలాగే పెట్టడం.

దశాబ్దం చివర్లో ఒక తొలకరికి రోజంతా వెతికాం, లేదు. మళ్ళీ వాన పడ్డాక మరో ఆదివారం వెళ్ళాం. ఆ వానాకాలం వెళ్ళగలిగిన ఆదివారాలన్నీ వెళ్ళాం. మిగిలిన కాస్త నేలా అపార్ట్‌మెంట్ పునాదుల మధ్య ఉంది. వాచ్‌మన్ ఏం పోగొట్టుకున్నారమ్మా అని అడిగాడు. ఆరుచుక్కకి ఎగరడం రాదని మొదట్లోనే చెప్పాను. రోడ్డూ గోడా డ్రైనేజీ దాటి పక్క నేలనుంచి ఇంకొకటి వచ్చి చేరడమనేది ఉండదు. ఒకసారి పోయిన చోట అంతే.

ఆ చివరి ఆదివారం మర్నాడు కూడా శ్రీలత మేడ ఎక్కింది. ఖాళీ చేతులతో వచ్చింది కనుక కబుర్లు చెప్పి పోతుందనుకున్నాను. పెట్టె తీసింది. ఎప్పటిలాగే ఒక పిన్ను తీసుకుంది. లేబుల్ రాసింది. పురుగు లేని ఆ పిన్నుకి లేబుల్ గుచ్చి, కిందటేటి ఆరుచుక్క పక్కన, వరస తప్పకుండా పెట్టింది. మూత వేసి, "కాలేజ్‌కి లేటయితుంది మేడం" అని దిగి వెళ్ళిపోయింది. మా వృత్తిలో అలాంటి పిన్ను ఎవరూ పెట్టరు. అలా పెట్టొచ్చని ఏ పుస్తకంలోనూ లేదు. నేను చాలాసేపు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఏడ్చాను కూడా.

ఆరుచుక్క స్థితి మాత్రం ఇవాళ్టికీ మారలేదు. ప్రమాదం లేదు. అది అబద్ధమేమీ కాదు. అనంతపురం పోండి, మహబూబ్‌నగర్ పోండి, తొలకరికి కాళ్ళకి అడ్డం పడతాయి. జాతి బాగానే ఉంది. విద్యానగర్ బండల దగ్గర మాత్రం లేదు. ఈ రెండో మాట రాయడానికి మా గళ్ళలో చోటు లేదు. ఆ పెట్టెలో ఉంది.

నేను రిటైరయ్యే రోజు బీరువాల తాళాలు కొత్తగా వచ్చినతనికి అప్పగించాను. చురుకైన కుర్రాడు. పెట్టెలన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తూ ఆరుచుక్క దగ్గర ఆగాడు.

"మేడం, ఈ పిన్నుకి పురుగు ఊడిపోయినట్టుంది. తీసేయమంటారా?"

"ముందు లేబుల్ చదువు నాయనా," అన్నాను.

అతను పిన్ను తీసి వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు చికిలించి, పైకే చదివాడు. "విద్యానగర్ బండలు. వానాకాలమంతా వెతికాం. లేదు. శ్రీలత."

పిన్నుని తెచ్చి, తీసిన చిల్లులోనే మళ్ళీ గుచ్చాడు.